రమోన్ ఇ కహాల్: వైద్యుడి బొమ్మలు, ఫొటోలు

శాంతియాగో రమోన్ ఇ కహాల్ (1852–1934) స్పెయిన్ దేశపు వైద్యుడు. నాడీమండలం ఒకే అల్లిక కాదనీ, విడివిడి కణాలతో ఏర్పడిందనీ చూపిన శాస్త్రవేత్త. అందుకు ఆయన ముందుపెట్టిన సాక్ష్యం చాలావరకు చేత్తో గీసిన బొమ్మలే.

ఆయన పెటిల్లా దె అరగోన్ అనే పల్లెలో పుట్టాడు. చిన్ననాటి నుంచీ బొమ్మల పిచ్చి. శస్త్రవైద్యుడైన తండ్రికి అది గిట్టేది కాదు. గోడలకు పూత పూసే పనివాడొకడికి కొడుకు బొమ్మ చూపించి, పనికిరాదనిపించాడు. కుర్రాణ్ణి మంగలి దగ్గర, చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి కుదిర్చాడు. చివరికి 1868లో ఆ తండ్రే శ్మశానం నుంచి ఎముకలు తెచ్చి, ఒక్కొక్కటీ ముందుపెట్టి శరీర నిర్మాణం నేర్పాడు. ఎముకల్ని గీస్తూ గీస్తూనే కహాల్ వైద్యంలో పడ్డాడు. 1873లో సరగోసాలో పట్టా పుచ్చుకున్నాడు. సైనిక వైద్యుడిగా క్యూబా వెళ్లి, మలేరియాతో చిక్కి శల్యమై తిరిగొచ్చాడు.

1878లో ఊపిరితిత్తుల నుంచి రక్తం పడింది. కొండల్లో విశ్రాంతి తీసుకుంటున్న ఆ రోజుల్లో కెమెరా ఆయనకు తోడైంది. తర్వాత జెలటిన్, సిల్వర్ బ్రోమైడ్ కలిపి గాజు పలకలు ఇంట్లోనే తయారుచేశాడు. భార్య సిల్వేరియా చేయి కలిపింది. సరగోసా ఫొటోగ్రాఫర్లు వాటిని కొనుక్కునేవారు.

1887లో మాడ్రిడ్‌లో, శాస్త్రవేత్త గోల్జీ కనిపెట్టిన పద్ధతిలో రంగెక్కిన మెదడు ముక్కను చూశాడు. పసుపు నేపథ్యం మీద ఏ కొన్ని కణాలో మాత్రం కొమ్మలతో సహా నల్లగా తేలతాయి. ముక్క మందంగా ఉండటంతో ఒక కొమ్మ పైన, ఇంకొకటి లోతులో ఉంటుంది. కెమెరా ఒక్క లోతునే స్పష్టంగా పట్టి, మిగతాది మసకబారుస్తుంది. అంత గట్టి ఫొటోగ్రాఫర్ కూడా పెన్సిల్ పట్టింది అందుకే. సూక్ష్మదర్శిని మరను తిప్పుతూ ఒక్కో పొర చూసి, అన్నిటినీ ఒకే కాగితం మీదికి తెచ్చేవాడు; చాలాసార్లు జ్ఞాపకం నుంచే గీసేవాడు. పెన్సిల్ గీత మీద నల్ల సిరా. పక్కన చిన్న బాణం గుర్తులు: సంకేతం ఎటు నుంచి ఎటు పోతుందో చెప్పేవి అవే.

ఫొటోగ్రఫీ చదువు వృథా పోలేదు. 1903లో ఆయన రూపొందించిన వెండి రంజన పద్ధతిలో కణజాలాన్ని సిల్వర్ నైట్రేట్‌లో నానబెట్టి, ఫొటోలు కడిగే రసాయనాలతోనే నలుపు తేల్చేవాడు. 1906లో నోబెల్ బహుమతిని గోల్జీతో పంచుకున్నాడు. నాడీమండలం ఒకే వల అన్న తన వాదాన్ని గోల్జీ ఆ వేదిక మీద కూడా వదల్లేదు. 1912లో కహాల్ రంగుల ఫొటోగ్రఫీ మీద ఒక పుస్తకమే రాశాడు.

ఆయన గీసిన సుమారు 2,900 బొమ్మలు నేటికీ ఉన్నాయి. 2017లో ఆయన పత్రాలు, బొమ్మలు యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. ఒక కణం కొసకూ మరో కణానికీ మధ్య ఉన్న సన్నని ఎడం 1950లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని తీసిన చిత్రాల్లో కంటికి కనిపించింది. అప్పటికి ఆయన పోయి ఇరవై ఏళ్లు.