మంత్రసాని, మెహతర్, మంత్రి: కామారెడ్డి – ఎల్లారెడ్డి దళిత స్త్రీల రాజకీయ చరిత్ర

2023 నవంబరు ఎన్నికల్లో కామారెడ్డి పేరు రాష్ట్రమంతా మార్మోగింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్ రెడ్డి ఇద్దరూ అక్కడ నిలబడి ఇద్దరూ ఓడిపోయారు. కామారెడ్డి గురించి అన్ని రాతలు అంతకు ముందెన్నడూ రాలేదు. 1957లో ఇదే కామారెడ్డి నుంచి ఒక మెహతర్ కులపు ఆడమనిషి అసెంబ్లీకి పోయిందనీ, డిప్యూటీ స్పీకర్ అయిందనీ, మంత్రి కూడా అయిందనీ గుర్తుచేసిన వాళ్లు మాత్రం తక్కువ. ఇది ఉత్త మతిమరుపు కాదు. ఆధిపత్య కులాలు రాసుకునే చరిత్రలో కొందరు కనబడటానికీ కొందరు మాయమవటానికీ ఒక పద్ధతి ఉంది.

ఈ వ్యాసంలో మేము రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదవాలనుకుంటున్నాం. ఒకటి, ఉత్తర తెలంగాణలో ఆరోగ్య సేవల చరిత్ర. రెండు, కామారెడ్డి, ఎల్లారెడ్డి సీట్ల నుంచి గెలిచిన ఇద్దరు దళిత స్త్రీలు టి.ఎన్. సదాలక్ష్మి, జె. ఈశ్వరీబాయిల చరిత్ర. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని అడగొచ్చు. ఒళ్లు కడిగే పని, మురికి ఎత్తే పని, పురుడు పోసే పని ఏ కులాల ఆడవాళ్ల చేతుల మీద నడిచిందో, ఆ పనుల మీద అధికారం ఏనాడూ ఆ చేతులకు ఎందుకు రాలేదన్నదే మా ప్రశ్న.

ఆరోగ్య సేవల చరిత్ర అనగానే పుస్తకాలు ఆసుపత్రి కట్టిన నవాబుతోనో, మందు పట్టుకొచ్చిన దొరసాని డాక్టరుతోనో మొదలవుతాయి. మేము మంత్రసానితో మొదలుపెడతాం. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల్లో కాన్పులు చేసింది ఎవరు? మంగలి, చాకలి, మాదిగ ఆడవాళ్లు. ఊరిని బట్టి కులం మారేది గానీ పని మారేది కాదు. దొరసానికి నొప్పులు మొదలైతే నడిరాత్రి జీతగాడు వాడకు ఉరికొచ్చేవాడు. బిడ్డను పట్టుకోవటం, బొడ్డు కోయటం, మాయ పాతిపెట్టటం, మైల బట్టలు పిండటం, తల్లికి నీళ్లు పోయటం, బిడ్డ కాళ్లూ చేతులూ సాగదీసి నూనె రుద్దటం ఆమె పని. పిల్ల అడ్డం తిరిగితే చేత్తో సరిచేసే నేర్పు ఆమెది. పురుడు కడిగి ఇల్లు అలికిన మర్నాటి నుంచి ఆమె మళ్లీ గడప అవతలే. బిడ్డను అందరికన్నా ముందు ముట్టుకున్న చెయ్యి, ఆ తర్వాత ఆ ఇంటి కడవను ముట్టరాని చెయ్యి. కూలి కింద కాసిని జొన్నలో వడ్లో, ఒక పాత చీరో దక్కేది. విద్య తెలిసిన మనిషికి ఇచ్చే ఫీజు కాదది. వెట్టిలో ఒక భాగం.

ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, బ్రాహ్మణీయ సమాజం వైద్యాన్ని రెండుగా చీల్చింది. నాడి పట్టి చూర్ణం ఇచ్చేది శాస్త్రం అయింది. నెత్తురూ మాయా మలమూ ముట్టేది మైల అయింది. మొదటిదానికి గౌరవం, రెండోదానికి అంటరానితనం. మనిషి బతకటానికి రెండోదే ఎక్కువ అవసరమన్నది వేరే సంగతి.

పల్లెలో మంత్రసాని ఎట్లనో, పట్నంలో మెహతర్ అట్ల. సికింద్రాబాద్, బొల్లారం కంటోన్మెంట్లలో బ్రిటిష్ పటాలం దిగినప్పటి నుంచి దొరల బంగళాలకు, బ్యారకులకు పాయిఖానాలు ఎత్తేవాళ్లు కావాల్సి వచ్చింది. డ్రైనేజీ పైపులు లేని కాలంలో కలరా రాకుండా కంటోన్మెంటును కాపాడింది డాక్టర్లొక్కరే కాదు. తెల్లారకముందే బుట్టా చీపురూ పట్టుకుని తిరిగిన ఆడవాళ్లు కూడా. ఈ పనిని సర్కారు కాగితాల్లో శానిటేషన్ అని రాసుకున్నారు. వాడుకలో పాకీ పని అన్నారు. ప్రజారోగ్యం అన్న గౌరవమైన మాట ఆ పని చేసినవాళ్లకు ఎన్నడూ అంటలేదు. ఈ పనిని నిషేధిస్తూ మొదటి కేంద్ర చట్టం 1993లో వచ్చింది. అది సరిపోక 2013లో ఇంకొకటి తెచ్చారు. మ్యాన్‌హోళ్లలో చావులు ఆ రెండో చట్టం తర్వాతా ఆగలేదు.

నర్సు ఈ ఇద్దరి తర్వాత వచ్చింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో వెస్లియన్ మిషన్‌కు చెందిన ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ, ఆమె భర్త జార్జ్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ దానికి పెద్ద విరాళమిచ్చాడు. మెదక్‌లో అదే మిషన్ చర్చి, బడి, ఆసుపత్రి నడిపింది. ఈ మిషన్లలో చేరిన వాళ్లలో ఎక్కువ మంది మాల మాదిగలు. కుష్ఠు పుండు కడిగి కట్టు కట్టే పనికి పైకులాల ఆడపిల్లలు ఎట్లా వస్తారు? దళిత క్రైస్తవ ఆడపిల్లలు ఆ పనిలోకి పోయారు. తల్లి చేసిన పనే బిడ్డ చేసింది. కానీ బిడ్డకు చదువు, తెల్లబట్టలు, నెల జీతం, సిస్టర్ అన్న పిలుపు దొరికాయి. అంటరాని చెయ్యికి మొదటిసారి సర్టిఫికెట్ దొరికింది. దళిత స్త్రీల చరిత్రలో ఇది చిన్న సంగతి కాదు. మన విప్లవ చరిత్రకారులు మిషన్ అనగానే సామ్రాజ్యవాదం అని ఒక్క ముక్కలో తేల్చేయటం వల్ల ఈ మార్పు వాళ్ల కంటికి ఆనలేదు.

అయినా నర్సు పని దేశంలో ఎంత చిన్నచూపుకు గురైందో 1946లో వచ్చిన భోర్ కమిటీ రిపోర్టు చూస్తే తెలుస్తుంది. దాని లెక్క ప్రకారం బ్రిటిష్ ఇండియాలో డాక్టర్లు 47 వేల పైచిలుకు ఉంటే నర్సులు 7 వేలు. ఆరుగురు డాక్టర్లకు ఒక్క నర్సు కూడా పూర్తిగా లేదు. చాలినంత మంది నర్సులు లేకపోవటానికి కారణం కులమని ఆ రిపోర్టు రాయలేదు. మనం రాసుకోవాలి.

ఇప్పుడు రాజకీయాల దగ్గరికి వద్దాం. 1957 ఎన్నికలు తెలంగాణలో 105 సీట్లకే జరిగాయి. 1955లో గెలిచిన ఆంధ్ర సభ్యులు అట్లనే కొనసాగారు. అప్పుడు కొన్ని నియోజకవర్గాలకు ఇద్దరేసి సభ్యులు ఉండేవాళ్లు, ఒకరు జనరల్, ఒకరు రిజర్వుడు. కామారెడ్డి అట్లాంటిది. అక్కడ రిజర్వుడు స్థానం నుంచి కాంగ్రెస్ తరఫున సదాలక్ష్మి గెలిచింది. 1961లో ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేశారు. ఎల్లారెడ్డి ఎస్సీ సీటు అయింది. 1962లో ఆమె అక్కడి నుంచి మళ్లీ గెలిచింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండు పేర్లూ ఆమె పక్కన కనబడటానికి ఇదీ కారణం.

ఆమె ఆ ఊళ్ల మనిషి కాదు. జంట నగరాల్లో పెరిగిన మనిషి. పుట్టింది 1928లో, పాకీ పని కులవృత్తిగా మోపబడిన మెహతర్ల ఇంట్లో. భర్త టి.వి. నారాయణ ఆర్యసమాజీ, విద్యావేత్త. 2016లో పద్మశ్రీ అందుకున్నాడు. పట్నపు దళిత స్త్రీని పల్లె సీటుకు ఎందుకు పంపారని అడిగితే జవాబు ఒక్క కాంగ్రెస్ పార్టీ దగ్గరే దొరకదు, 1932 పూనా ఒప్పందం దాకా పోవాలి. రిజర్వుడు సీట్లో నిలబడేది దళితులే అయినా గెలిపించేది ఊరంతా. అంటే పటేళ్లూ దేశ్‌ముఖులూ సరే అనాలి. వాడలో వేళ్లున్న స్థానిక నాయకుడి కంటే దూరం నుంచి వచ్చే అభ్యర్థి వాళ్లకు నయం. రోజూ కళ్ల ముందు తిరగడు, కూలి రేటు గురించి పంచాయితీ పెట్టడు. అయితే ఈ లెక్క సదాలక్ష్మి విషయంలో వాళ్లనుకున్నట్టు సాగలేదు. ఆమె తల వంచే మనిషి కాదు. గోగు శ్యామల రాసిన ఆమె బతుకు కథకు ‘నేనే బలాన్ని’ అని పేరు పెట్టటం ఊరికే కాదు.

1960లో దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యాడు. దేశంలోనే మొదటి దళిత ముఖ్యమంత్రి. డిప్యూటీ స్పీకర్‌గా ఉన్న కొండా లక్ష్మణ్ బాపూజీ మంత్రివర్గంలోకి పోయాడు. ఆ కుర్చీలో సదాలక్ష్మి కూచుంది. స్పీకర్ అయ్యదేవర కాళేశ్వరరావు లేనప్పుడు జమీందార్లూ రెడ్లూ కమ్మలూ నిండిన సభలో ఎవరు మాట్లాడాలో, ఎవరు కూచోవాలో చెప్పింది ఆమె. వాళ్లు లేచి ‘అధ్యక్షా’ అనే మాట మెహతర్ ఇంటి బిడ్డను ఉద్దేశించి అనాల్సి వచ్చింది. ఆ తర్వాత మంత్రివర్గంలో ఆమెకు దేవాదాయ శాఖ ఇచ్చారు.

ఈ శాఖ ఇవ్వటాన్ని కొంత ఆగి చూడాలి. తన కులం వాళ్లను గుడి మెట్లు ఎక్కనియ్యని దేశంలో ఆమె గుళ్ల మాన్యాలకూ హుండీలకూ మంత్రి. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చి అప్పటికి పదేళ్లు కూడా కాలేదు. అర్చకులు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడక తప్పలేదు. దీన్ని సంకేతమని కొట్టిపారేయొద్దు. అట్లని పొగిడి వదిలేయొద్దు కూడా. ఎందుకంటే అప్పట్లో ఎల్లారెడ్డి ఉన్న నిజామాబాద్ జిల్లాలోనే దళిత ఆడపిల్లలను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చి జోగినిని చేసే ఆచారం బలంగా సాగింది. ఈ గుళ్లు దేవాదాయ శాఖ పుస్తకాల్లో ఉండవు. వాటికి మాన్యాలు లేవు, ఆడపిల్లలే మాన్యాలు. వర్ని ప్రాంతంలో హేమలతా లవణం జోగినుల మధ్య పని చేయటం, 1988లో రాష్ట్రం నిషేధ చట్టం తేవటం చాలా ఆలస్యంగా జరిగాయి. జోగినుల దేహాల మీద రోగాలు ఇల్లు కట్టుకున్నాక గానీ ఇది ఆరోగ్య సమస్య అని సర్కారుకు తోచలేదు.

1967లో ఎల్లారెడ్డిలో జరిగిన పోటీ తెలంగాణ దళిత చరిత్రలో ప్రత్యేకమైంది. ఇటు కాంగ్రెస్ సదాలక్ష్మి, అటు రిపబ్లికన్ పార్టీ ఈశ్వరీబాయి. ఈశ్వరీబాయి గెలిచింది. ఆమెది సికింద్రాబాద్ చిలకలగూడ, మాల కుటుంబం, తండ్రి రైల్వే ఉద్యోగి. కీస్ హైస్కూల్లో చదివింది. భర్త దంతవైద్యుడు. ఆయన పోయాక కూతురిని పెట్టుకుని టీచరుగా బతికింది. షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లో పనిచేసి, 1950ల మొదట్లో మునిసిపల్ కార్పొరేషన్‌కు ఎన్నికైంది. మునిసిపాలిటీ రాజకీయం అంటే ఏమిటి? నల్లా, మోరీ, పాయిఖానా, ఇంటి జాగా. అంటే ప్రజారోగ్యమే. ఈశ్వరీబాయి రాజకీయం అక్కడ మొదలైంది.

1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి సజీవంగా కాల్చి చంపారు. ఆ సందర్భంలో దళితులను కించపరిచిన ఒక మంత్రికి ఈశ్వరీబాయి అసెంబ్లీలో చెప్పు చూపిందన్న సంగతి ఇప్పటికీ మన వాడల్లో చెప్పుకుంటారు. 1972లో కాంగ్రెస్ 219 సీట్లు ఊడ్చుకుపోయిన ఎన్నికల్లోనూ ఎల్లారెడ్డి ఆమెనే పంపింది. అంబేద్కర్ రాజకీయం నుంచి వచ్చిన ఒక దళిత స్త్రీని ఒక పల్లె నియోజకవర్గం వరసగా రెండుసార్లు గెలిపించింది. దీని మీద సరైన పరిశోధన జరగకపోవటం మనలాంటి వాళ్లకే సిగ్గు.

సదాలక్ష్మి, ఈశ్వరీబాయి పోటీని మాదిగ, మాల పోటీగా చదివేవాళ్లున్నారు. కొంత నిజం. సదాలక్ష్మి అరుంధతీయ ఉద్యమం నుంచి 1994లో మొదలైన మాదిగ దండోరా దాకా ఉపకులాల వాటా గురించే కొట్లాడింది. కానీ ఓడిన, గెలిచిన ఈ ఇద్దరూ రెండేళ్లు తిరగకముందే 1969 తెలంగాణ ఉద్యమంలో ఒకే వైపు నిలబడ్డారు. వైరం ఉంది, కలిసి నడిచిన తొవ్వ కూడా ఉంది. ఒకదాన్ని చెప్పి ఇంకోదాన్ని దాచితే చరిత్ర కాదు, కరపత్రం అవుతుంది.

ఇక శాఖల సంగతి. దళితులకు, అందులోనూ దళిత స్త్రీలకు సాంఘిక సంక్షేమం, స్త్రీ శిశు సంక్షేమం లాంటివి ఇవ్వటం మన ప్రభుత్వాలకు అలవాటు. ఈశ్వరీబాయి కూతురు గీతారెడ్డి ప్రసూతి వైద్యురాలు. 1989లో గజ్వేల్ రిజర్వుడు సీటు నుంచి గెలిచి మంత్రి అయింది. దళితుడైన డాక్టర్ రాజయ్యకు 2014లో ఉప ముఖ్యమంత్రి పదవితో పాటు వైద్య ఆరోగ్య శాఖ ఇచ్చి, 2015 జనవరిలో తీసేశారు. 2023 డిసెంబరులో దామోదర రాజనర్సింహకు ఆ శాఖ ఇచ్చారు. ఇది మంచిదే. కానీ 2014 నుంచి 2024 దాకా తెలంగాణ ఆరోగ్య శాఖ చూసిన మంత్రులంతా మగవాళ్లే. వార్డులో రాత్రంతా నిలబడే నర్సు, పల్లెలో గర్భిణిని ఆటోలో ఎక్కించుకుని పోయే ఆశా వర్కరు, ఆసుపత్రి కడిగే కాంట్రాక్టు మనిషి, వీళ్లలో అత్యధికులు ఆడవాళ్లు. ఆశాలకు 2005 నుంచి ఇస్తున్నది జీతం కాదు, పారితోషికం. మంత్రసానికి ఇచ్చిన జొన్నలకూ దీనికీ తేడా ఎంతో లెక్కగట్టాల్సి ఉంది.

1978లో ఎల్లారెడ్డి జనరల్ సీటు అయింది. రిజర్వేషన్ జుక్కల్‌కు పోయింది. 1991లో ఈశ్వరీబాయి చనిపోయింది. 1997 వర్గీకరణలో మెహతర్లు రెల్లి తదితర కులాలతో కలిసి ‘ఎ’ గ్రూపులో పడ్డారు, వాటా ఒక్క శాతం. సదాలక్ష్మి 2004 జూలైలో పోయింది. అదే ఏడు నవంబరులో సుప్రీంకోర్టు ఆ వర్గీకరణను కొట్టేసింది. వర్గీకరణ చెల్లుతుందని అదే కోర్టు ఒప్పుకున్నది 2024 ఆగస్టులో.

2023లో కామారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు. అక్కడ చదివే పిల్లలకు ప్రసూతి విద్య నేర్పుతారు. చుట్టుపక్కల ఊళ్లలో మంత్రసానితనం చేసిన ముసలవ్వలు ఇంకా ఉన్నారు. ఎవరు ఏ కులం, ఏ ఇంట్లో ఎన్ని కాన్పులు చేశారు, ఏమిచ్చారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి ఊరూరా తిరిగి రాసుకోవలసిన పని ఉంది. వాళ్లలో చాలామందికి ఎనభై దాటింది.