విమానపు ఇంజనును, రేడియో గరగరయును

తాడేపల్లిగూడెము వాసులకు "విమానాశ్రయ భూములు" అను మాట చిరపరిచితము. విమానమెక్కుటకై నేడెవరును ఆ ఊరికి పోరు. అయినను ఆ పేరు మాత్రము పోలేదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్ల ప్రభుత్వమువారు అచ్చట విమానములు దిగుటకు పొడవైన బాట నొకదానిని వేయించిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్నము మీదను కాకినాడ మీదను బాంబులు వేసిన నాటినుండి మన తీరమంతయు యుద్ధరంగపు టంచుగా మారినది. గన్నవరము, దొనకొండ, తాడేపల్లిగూడెము విమానక్షేత్రములు ఆ యుద్ధకాలపు గురుతులే. గూడెపు భూములలో నిప్పుడు 2015లో నెలకొల్పబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసియున్నది. అచ్చట పిల్లలు విద్యుచ్ఛాస్త్రము చదువుకొనుచున్నారు. ఆ శాస్త్రమే ఆనాటి వైమానికులకు తెచ్చిపెట్టిన చిక్కు నొకదానిని గూర్చి ఈ పూట శ్రోతలకు మనవి చేసెదను.

ఏలూరి బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవానికి విమానపు ఇంజనుతో పని యేమి అని ఎవరైన అడుగవచ్చును. నా యొద్ద చదువుకొన్న పిల్లవా డొకడు చిన్నవిమానములను మరమ్మతు చేయు వృత్తిలో ఉన్నాడు. వాడు సెలవులకు వచ్చినప్పుడెల్ల చెప్పు మాటలు వినగా, నేను చదివిన తర్కశాస్త్రమునకును వాని పనికిని గల చుట్టరికము నాకు గోచరించినది. అది కొంచెము తరువాత చెప్పెదను.

ముందుగా చిక్కు స్వరూపము. పెట్రోలు ఇంజనులో ఇంధనము నంటించుటకు నిప్పురవ్వ కావలయును. విమానములో ఆ రవ్వను పుట్టించు యంత్రమునకు మాగ్నెటో అని పేరు. నాలుగు సిలిండర్ల చిన్నవిమానపు ఇంజను నిమిషమునకు 2400 మారులు తిరుగుచున్నదనుకొందము. ఒక్కొక్క సిలిండరు రెండు చుట్లకొకమారు మండును గనుక నిమిషమునకు 4800, అనగా సెకనుకు 80 మంటలు. సిలిండరునకు రెండేసి ప్లగ్గులుండుటచేత సెకనుకు 160 రవ్వలు. యుద్ధకాలపు పన్నెండు సిలిండర్ల పెద్ద ఇంజను 3000 చుట్లు తిరిగినప్పుడు ఈ లెక్కనే సెకనుకు 600 రవ్వలగును. ప్రతి రవ్వ వెనుకను వేలకొలది వోల్టుల ఒత్తిడి కలదు.

రవ్వ రాలినంత మాత్రమున రేడియోకు వచ్చిన ముప్పేమి? రేడియో పుట్టినదే రవ్వనుండి! 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశపు హెర్ట్జ్ పండితుడు విద్యుత్తరంగములు కలవని నిరూపించినది రెండు లోహపు గుండ్ల నడుమ రవ్వను దుమికించియే. 1895లో కలకత్తాలో జగదీశచంద్ర బోసుగారు గోడల కావలనున్న గంటను మ్రోగించినదియు, మార్కొనీ తంతిలేని వార్తలను పంపినదియు రవ్వలతోనే. కావున ఇంజనులోని ప్రతి ప్లగ్గును, అడుగకుండగనే పనిచేయు ఒక చిన్న ప్రసారకేంద్రము. దాని తీగయే దానికి ఏరియలు. పైగా ఆ కేంద్రమునకు తన స్థానమని ఒకటి లేదు. కంచరి అంగడిలో ఒక్క సమ్మెట దెబ్బకు అటకమీది గిన్నెలన్నియు తమ తమ శ్రుతులలో మ్రోగినట్లు, క్షణమాత్రపు రవ్వ సకల తరంగములందును వినబడును.

కొల్లేటి లంకలలో రేడియో వినిన పెద్దలకు ఇది అనుభవమే. మన బెజవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమైన పిదప మధ్యతరంగములపై పాటయో నాటకమో వినుచుండగా వీధిలో మోటారుసైకిలు పోయినచో రేడియో పటపటమనెడిది. దానికంటె పదింతలు రొద చేయు లారీ పోయినప్పుడు పలుకెడిది కాదు. చేపల చెరువు గట్టున గంటల తరబడి ఆడు డీజిలు ఇంజనును అంతే. డీజిలులో రవ్వ లేదు. గాలిని నొక్కి పుట్టించిన వేడిమికే నూనె అంటుకొనును. చెవికి పెద్దదైన రొద వేరు, రేడియోకు పెద్దదైన రొద వేరు.

ఇక విమానమునకు వత్తము. 1910 ఆగస్టులో మెకర్డీ అను వైమానికుడు న్యూయార్కు చెంత విమానమునుండి తొలిసారిగా తంతిలేని వార్తను నేలకు పంపెను. మొదటి ప్రపంచయుద్ధమున ఆంగ్ల విమానములు ఫిరంగి గుండ్లు ఎచ్చట పడుచున్నవో పైనుండి చూచి మోర్సు చుక్కలతో తెలిపెడివి. కాని వానిలో పంపు యంత్రమే తప్ప వినుయంత్రము లేదు! నేలమీదివారు జవాబు చెప్పవలయునన్నచో తెల్లగుడ్డ పట్టీలను మైదానమున గురుతులుగా పరచెడివారు. బరువు ఒక కారణము. ఇంజను రొదలో చెవికేమియు వినబడకపోవుట మరియొక కారణము. పంపువాడు తానే రవ్వను పుట్టించును గనుక వానికి ఇంజను రవ్వలతో తగవు లేదు. వినదలచినవానికే తగవంతయు.

ఆ తగవు తీర్చుటకు 1920 తరువాతి దశాబ్దమున అమెరికాలో గట్టి కృషి జరిగినది. వాషింగ్టనులోని ప్రమాణముల కార్యాలయమున పనిచేసిన డైమండు, గార్డ్‌నరు అనువారు 1930లో ఈ విషయముపై ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించిరి. ఉపాయము పాతదే. లోహపు పంజరములోనికి బయటి విద్యుత్ప్రభావము చొరదని 1836లోనే ఫారడే మహాశయుడు చూపియుండెను. ఇచ్చట చేయవలసినది దానికి తలక్రిందులు: దొంగను పంజరములో పెట్టుట. మాగ్నెటోకు లోహపు మూత, ప్లగ్గుకు లోహపు తొడుగు, నడుమ తీగకు అల్లిన లోహపు తొడుగు. వీనిలో ఎచ్చటను సందు ఉండరాదు. తొడుగు ఇంజను శరీరముతో గట్టిగా అంటియుండవలయును. ఇంజను, రెక్కలు, తోక, అన్నియు లోహపు పట్టీలతో ఒకదానితో నొకటి కలుపబడవలయును.

చెప్పుట సులభము. తొడుగు వేసినకొలది రవ్వ బలము తగ్గెడిది. లోపల చెమ్మ నిలిచెడిది. గాలి పలుచనైన ఎత్తులలో రవ్వ ప్లగ్గు కొనకు పోక తొడుగుకే దుమికెడిది. రేడియో బాగుపడెను, ఇంజను తడబడెను! ఆకాశమున ఈ రెంటిలో దేనిని వదులుకొందువని అడిగినచో వైమానికుడు రేడియోనే వదులుకొనును. అందుచేత తీగపూతలు, పింగాణీలు మెరుగుపడువరకు ఈ తొడుగును పలువురు అనుమానముతోనే చూచిరి.

అయినను మన ప్రాంతమువంటి చోట వినుయంత్రము లేక విమానమునకు గతి యేమి? మంచి ఎండకాలమున దారి తప్పుట కష్టము. మద్రాసునుండి కలకత్తాకు పోవు రైలుబాట గీత గీసినట్లు కనబడును. ఏలూరికి దక్షిణమున కొల్లేరు అద్దమువలె మెరయును. అచ్చటినుండి గూడెమునకు ఇంచుమించు 50 కిలోమీటర్లు. వానకాలము వచ్చినదా, తమ్మిలేరును బుడమేరును పొంగి వచ్చి కొల్లేటిలో పడును. ఉప్పుటేరు ఆ నీటి నంతను వెంటనే తీయజాలదు. అప్పుడు సరస్సేదో వరిచేలేవో పైవానికి తెలియవు. అంతయు నొక్కటే నీరు, పైన మబ్బు. బంగాళాఖాతముపై కావలి తిరిగి వచ్చు వైమానికునకు అట్టివేళ కన్ను పనికిరాదు. నేలమీది కేంద్రము వాని పలుకు వచ్చిన దిక్కును కొలిచి, ఇన్ని అంశముల దిశకు తిరుగుమని అంకెలు చెప్పును. గరగరలో ఒక్క అంకె మునిగినచో వాడు తూర్పున సముద్రము మీదికో, ఉత్తరమున కొండలమీదికో పోవును. ఇంగ్లీషున అయిదునకును తొమ్మిదికిని ధ్వనిలో పోలిక ఎక్కువ గనుక వైమానికులు తొమ్మిదిని నేటికిని "నైనర్" అని సాగదీసి పలుకుదురు. ఆ చిన్న తోకలో ఎంత భయమున్నదో చూడుడు.

ఇప్పుడు తర్కము మాట. గరగర పుట్టినచో దాని మూలమును పట్టుట ఎట్లు? అది ఉన్నప్పుడు ఇది ఉండుట అన్వయము, అది లేనప్పుడు ఇది లేకుండుట వ్యతిరేకము. రెండును కుదిరిననే కార్యకారణభావము. మా శిష్యుడు చేయునది ఇదియే. విమానమును నేలమీద నిలిపి ఇంజను నాడించును. చిన్నవిమానమునకు మాగ్నెటోలు రెండు. ఎడమదానిని ఆపి వినును. పిదప దానిని కలిపి కుడిదానిని ఆపి వినును. కుడిది ఆగినప్పుడే పటపట ఆగినదా, దోషము కుడివైపున కలదు. రెంట నేది ఆపినను మార్పు లేదా, వేరొకచోట వెదకవలయును. పటపటగాక, ఇంజను వేగముతోపాటు శ్రుతి పెరుగు ఈలపాట వినబడినచో ఆల్టర్నేటరును ఆపి చూచును. ఈల నిలిచినచో దొంగ అదియే. ఏరియలు తీగను ఊడదీసినను రొద తగ్గకున్నచో అది గాలిగుండ రాక, విద్యుత్తు నిచ్చు తీగలగుండ వచ్చుచున్నదని తెలిసికొనును. చేతిలో పట్టుకొను బ్యాటరీ రేడియోలో సయితము అదే రొద వినబడినచో గాలిగుండ వచ్చుచున్నదన్నమాట.

నైయాయికులు కుండకు కారణము చెప్పునప్పుడు గాడిదను వెళ్లగొట్టుదురు. మట్టిని మోసి తెచ్చినది గాడిదయే. అయినను కుండకు అది కారణము కాదు. విమానశాలలోను ఇట్టి గాడిదలు కలవట. నిన్న కొత్త పరికరము బిగించిరి, నేడు గరగర మొదలైనది. వెంటనే ఆ పరికరమును నిందింతురు. తీరా చూడగా, దానిని బిగించునప్పుడు కదలిపోయిన పాత పట్టీయే మూలమగును. కొందరు మూలమును విడిచి రేడియో వెనుక వడపోత బిగించి తృప్తిపడుదురు. నాకు ఆ పద్ధతి నచ్చదు. దానివలన రొద కొంత తగ్గవచ్చును గాని పగిలిన తీగ పగిలియే యుండును.

అది ప్రాణాంతకము కూడ కావచ్చును. మాగ్నెటోనుండి వైమానికుని ముందున్న స్విచ్చికి వచ్చు తీగ ఒకటి కలదు. మెకానిక్కులు దానిని పి-లీడు అందురు. ఇంటిదీపము నార్పుటకు తీగను తెంపుదుము. మాగ్నెటో నార్పుటకు ఈ తీగను ఇంజను శరీరమునకు కలుపవలయును. కావున ఈ తీగ తెగినచో స్విచ్చి ఆపివేసినట్లు కనబడినను మాగ్నెటో బ్రతికియే యుండును. ఎవడో నిలిచియున్న విమానపు పంకాను చేతితో త్రిప్పినచో ఇంజను అంటుకొని వానిని నరికివేయగలదు. ఈ తీగ తొడుగు చెడుటయే రేడియో గరగరకు తరచు కారణము. రేడియో మొరపెట్టినప్పుడు మొట్టమొదట ఈ తీగను చూడుమని మా శిష్యుడు తన క్రిందివారికి బోధించునట. ఇది అధికారపత్రము గల ఇంజనీరు చేయవలసిన పని గాని విన్నవారెల్లరు చేయదగినది కాదని మరల చెప్పనక్కరలేదు.

అమెరికావాడైన ఆర్మ్‌స్ట్రాంగు 1933లో పేటెంటు పొందిన ఎఫ్.ఎం. పద్ధతిలో ఇట్టి రొద చాల తక్కువ. అట్లయిన విమానములవారు దానిని ఏల గ్రహింపలేదు? వారు నేటికిని 118నుండి 137 మెగాహెర్ట్జుల వరకు పాత ఏ.ఎం. పద్ధతినే వాడుచున్నారు. ఎఫ్.ఎం.లో ఇద్దరొక్కమారు పలికినచో బలమైన స్వరము బలహీనమైనదానిని పూర్తిగా మ్రింగివేయును. ఏ.ఎం.లో రెండును కలిసి వికారముగా మ్రోగును గాని, ఇంకొకడెవడో పిలుచుచున్నాడని తెలియును. ఆపదలో నున్నవాని సన్నని కేక వినబడుటకై, రొద నంతను భరించు పద్ధతినే వారు ఉంచుకొనిరి.

మాగ్నెటో సంగతియు నట్టిదే. మోటారుకార్లు దానిని విడిచి ఎన్నియో ఏండ్లయినది. చిన్నవిమానములలో అది నేటికిని విస్తారముగా కలదు. దానికి బ్యాటరీ అక్కరలేదు. విమానములోని దీపములు, రేడియో, సమస్త విద్యుత్తు ఆరిపోయినను, ఇంజను తిరుగుచున్నంతకాలము అది తన రవ్వను తానే పుట్టించుకొనుచుండును.