విశాఖపట్నంలో బలమైన భూచలనపు అంచనా

బలమైన భూచలనం అనగా భూకంప సమయంలో కట్టడాలకు నష్టం కలిగించగలంతటి తీవ్రతతో నేల కదలడం. ఒక నిర్దిష్ట ప్రదేశంలో ఈ చలనం ఎంత ఉండగలదో ముందుగా లెక్కకట్టడం భూకంప శాస్త్రంలో ఒక ముఖ్యమైన శాఖ. భూకంపం ఏ తేదీన వస్తుందో చెప్పడం ఈ శాఖ పని కాదు. అది ఇంతవరకు ఎవరికీ సాధ్యపడలేదు. ఫలానా పరిమాణం గల భూకంపం ఫలానా దూరంలో వచ్చినచో ఇక్కడి నేల ఎంత ఊగుతుంది అనేదే ఇది వేసుకొనే ప్రశ్న. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, చమురు శుద్ధి కర్మాగారం ఒకే చోట ఉన్న విశాఖపట్నం వంటి నగరానికి ఈ ప్రశ్న ప్రధానమైనది.

పరిమాణము, తీవ్రత

వార్తాపత్రికలలో "రిక్టర్ స్కేలుపై తీవ్రత" అని వ్రాస్తుంటారు. శాస్త్ర పరిభాషలో అది పరిమాణం. ఒక భూకంపానికి పరిమాణం ఒక్కటే ఉంటుంది, తీవ్రత మాత్రం ఊరూరికీ మారుతుంది. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడనే. ఇంజనీర్లకు కావలసినది ఆ ఊరిలోని నేల పొందే గరిష్ఠ త్వరణం. దీనిని గురుత్వ త్వరణంలో భాగంగా, అనగా 'జి'లలో, చెబుతారు. 0.10 జి అంటే గురుత్వ త్వరణంలో పదవ వంతు.

దీనిని కొలిచే యంత్రము యాక్సెలరోగ్రాఫ్. సాధారణ సీస్మోగ్రాఫులు దూర దేశపు స్వల్ప ప్రకంపనలను కూడా పట్టగలవు, కాని దగ్గరలో పెద్ద భూకంపం వచ్చినపుడు పరిధి దాటిపోతాయి. కనుక బలమైన చలనానికి వేరే యంత్రము అవసరమయినది. 1933 మార్చిలో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ భూకంపంలో ఇట్టి నమోదులు మొదటిసారిగా లభించాయి. విశాఖ ఓడరేవు ప్రారంభమైనది కూడా ఆ సంవత్సరమే. అనగా రేవును నిర్మించిన ఇంజనీర్ల ముందు నేల కదలికకు సంబంధించి కొలిచిన అంకె ఒక్కటి కూడా లేదు.

ద్వీపకల్పంలో నమోదుల కొరత

అమెరికా, జపాన్ దేశాలలో వేలకొలది నమోదులను ఆధారం చేసుకొని సూత్రాలను తయారు చేశారు. దక్షిణ భారతంలో ఆ అవకాశం లేదు. 1967 డిసెంబరు 11 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కొయ్నా భూకంపంలో ఆనకట్టపై ఉన్న యంత్రము 0.63 జి త్వరణాన్ని నమోదు చేసినది. 1993 సెప్టెంబరు 30న సుమారు పదివేల మందిని బలిగొన్న లాతూరు (కిల్లారి) భూకంపానికి దగ్గరలో ఇట్టి యంత్రము ఒక్కటీ లేదు. 2001 జనవరి 26 నాటి భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో సుమారు 0.11 జి నమోదయినది. ఇంత తక్కువ సమాచారంతో సూత్రం కట్టడమెలా?

ఈ సమస్యకు బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆర్.ఎన్. అయ్యంగార్, ఎస్.టి.జి. రఘుకాంత్ ఒక పరిష్కారం చూపారు. వీరి పరిశోధన 2004లో ప్రచురితమయినది. రఘుకాంత్ తరువాత మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులయ్యారు. రాతి చీలిక వలన తరంగాలు ఎట్లు పుట్టునో, భూపటలంలో పయనించేటపుడు ఎట్లు క్షీణించునో తెలిపే భౌతిక నమూనాను తీసుకొని, కంప్యూటరులో అనేక కృత్రిమ భూకంపాలను సృష్టించి, వాటి ఫలితాల నుండి సూత్రాన్ని రాబట్టారు. ఈ పద్ధతికి మూలాలు అమెరికా శాస్త్రవేత్తలు జేమ్స్ బ్రూన్ (1970), డేవిడ్ బూర్ (1983) కృషిలో ఉన్నాయి. వచ్చిన సూత్రాన్ని కొయ్నా, భుజ్ నమోదులతో పోల్చి సరిచూశారు.

ద్వీపకల్పం మొత్తానికి వారు ఇచ్చిన సూత్రం ఇది:

సం(త్వ) = 1.6858 + 0.9241 (ప − 6) − 0.0760 (ప − 6)² − సం(దూ) − 0.0057 దూ

ఇందులో 'సం' అనగా సహజ సంవర్గమానం, 'త్వ' అనగా జి కొలతలో గరిష్ఠ త్వరణం, 'ప' అనగా పరిమాణం, 'దూ' అనగా భూకంప నాభి నుండి కిలోమీటర్లలో దూరం. ఇంటర్మీడియట్ గణితం తెలిసినవారు ఎవరైనా దీనితో లెక్క చేయవచ్చును. 5.5 పరిమాణం గల భూకంపం 20 కిలోమీటర్ల దూరంలో వచ్చినచో సుమారు 0.15 జి, 50 కిలోమీటర్లయితే 0.05 జి, 100 కిలోమీటర్లయితే 0.02 జి వస్తుంది. ఇవి మధ్యస్థ విలువలు మాత్రమే. సూత్రంలోని ప్రామాణిక విచలనం 0.4648 కాబట్టి 0.05 జి అని వచ్చిన చోట అసలు విలువ 0.03 నుండి 0.08 జి లోపల ఉండే అవకాశం మూడింట రెండు వంతులే. పైగా ఇవి గట్టి రాతిపై వచ్చే విలువలు. మెత్తని నేలకు ఎంత పెంచవలెనో వీరే 2007లో వెలువరించిన మరొక పరిశోధనలో నేలరకాల వారీగా ఇచ్చారు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కొరకు అయ్యంగార్ అధ్యక్షతన నిపుణుల సంఘం రూపొందించిన దేశవ్యాప్త భూకంప ప్రమాద పటాల నివేదిక 2011లో వెలువడినది.

విశాఖ పరిసరాలలో భూకంపాలు

తూర్పు కనుమల ప్రాంతం ప్రశాంతమైనదే గాని నిశ్చలమైనది కాదు. 1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతంలో సుమారు 5.5 పరిమాణం గల భూకంపం వచ్చినది. కోస్తాలో 1967 మార్చి 27న ఒంగోలులో, గోదావరి లోయలో 1969 ఏప్రిల్ 13న భద్రాచలంలో, 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో (పరిమాణం 5.3) ఇదే తరగతికి చెందిన భూకంపాలు వచ్చాయి. 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో, విశాఖకు సుమారు 500 కిలోమీటర్ల తూర్పున, 6.0 పరిమాణంతో వచ్చిన భూకంపం నగరంలోనూ తెలిసినది. ద్వీపకల్పపు రాయి పురాతనమైనది, గట్టిది కనుక తరంగాలు అందులో చాలా దూరం పోగలవు.

తీరంలోని కొన్ని భూ విచ్ఛిన్న రేఖలు సముద్రగర్భంలోకి కొనసాగుతున్నాయని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రానికి చెందిన శాస్త్రవేత్తలు అయస్కాంత, గురుత్వ సర్వేల ఆధారంగా చూపారు. విజయనగరం ప్రాంతపు ప్రకంపనలను ఈ రేఖలతో ముడిపెట్టి వారు అధ్యయనం చేశారు.

కొండ, బురద

విశాఖలో ఒకే భూకంపం రెండు రకాలుగా అనుభవమవుతుంది. కైలాసగిరి, యారాడ కొండలు ఖోండలైటు వంటి కఠిన శిలలతో ఏర్పడినవి. అక్కడ పై సూత్రం దాదాపు ఉన్నదున్నట్లుగా వర్తిస్తుంది. లోపలి రేవు అట్లు కాదు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున, మేఘాద్రిగెడ్డ సముద్రంలో కలిసే చోట ఉన్న ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి దానిని నిర్మించారు. నీటితో నిండిన మెత్తని నేల తరంగాలను పెంచుతుంది. చలనం రెండింతలు లేక అంతకు మించి కావచ్చును. 1985లో మెక్సికో నగరం దెబ్బతిన్నది దాదాపు 400 కిలోమీటర్ల దూరాన పుట్టిన భూకంపం వలన. పాత చెరువు అడుగు మట్టిపై నగరం ఉండుటయే అందుకు కారణం.

రెండవ ప్రమాదం ద్రవీకరణం. నీరు నిండిన వదులు ఇసుక ఊగినపుడు పట్టు కోల్పోయి ద్రవం వలె ప్రవర్తిస్తుంది. భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని ఓడరేవు, కస్టమ్స్ కార్యాలయ భవనం ఒక ప్రక్కకు ఒరిగినది. 1995లో జపానులోని కోబె రేవు గోడలు సముద్రం వైపు జరిగిపోయాయి. అందువలన రేవు భూములలో నేలను లోతు వరకు పరీక్షింపకుండా త్వరణపు అంకె ఒక్కదానిని నమ్ముకొనుట సరికాదు. యారాడ కొండ రాతిలో తొలచిన వంటగ్యాసు గుహకు మాత్రం ఈ బెడద తక్కువ. భూమి లోపలి రాతిలో చలనం ఉపరితలంపై కన్న సాధారణంగా తక్కువగా ఉంటుంది.

ప్రమాణాలు, పరిశ్రమలు

భారతీయ ప్రమాణం 1893 యొక్క 2002, 2016 ప్రచురణలు విశాఖపట్నాన్ని రెండవ మండలంలో ఉంచాయి. విజయవాడ మూడవ మండలంలో ఉన్నది. రెండవ మండలపు గుణకం 0.10. రూపకల్పనకు అందులో సగం, అనగా 0.05 జి, తీసుకొంటారు. 1917 నాటిదానితో సమానమైన భూకంపం 50 కిలోమీటర్ల దూరంలో వస్తే రాతిపై వచ్చేది సరిగ్గా ఇంతే. రేవు బురదపై అది మిగలదు. ప్రమాణంలో మెత్తని నేలకు వేరే వర్ణపటం ఉన్న మాట నిజమే. కాని అది నెమ్మదిగా ఊగే ఎత్తైన కట్టడాల విలువను పెంచుతుందే గాని తక్కువ ఎత్తు గల కట్టడాలకు రాతిపై విలువనే ఉంచుతుంది. ఈ లోటును ప్రదేశానికి ప్రత్యేకంగా చేసే అధ్యయనమే తీర్చగలదు.

పారిశ్రామిక కట్టడాలకు ఈ ప్రమాణంలో నాలుగవ భాగం, ద్రవపు ట్యాంకులకు రెండవ భాగం వేరుగా ఉన్నాయి. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేసులు, ఎత్తైన పొగ గొట్టాలు, 1957 నుండి పనిచేస్తున్న శుద్ధి కర్మాగారపు ట్యాంకులు ఈ కోవకు చెందుతాయి. భూకంపం లేకుండానే 1997 సెప్టెంబరు 14న ఆ శుద్ధి కర్మాగారంలో గ్యాసు లీకై సంభవించిన ప్రేలుడులో అనేకులు మరణించారు. 1999లో టర్కీలోని ఇజ్మిత్ భూకంపం తరువాత శుద్ధి కర్మాగారపు ట్యాంకులు రోజుల తరబడి మండాయి.

పెద్ద ట్యాంకులకు దగ్గరి భూకంపం కన్న దూరపు మహా భూకంపం ఒక్కోసారి ఎక్కువ ప్రమాదకరం. వేగంగా ఊగే తరంగాలు దారిలో క్షీణించినా, ఒక్క ఊగుకు అనేక సెకన్లు తీసుకొనే దీర్ఘావర్తన తరంగాలు మిగులుతాయి. ట్యాంకులోని ద్రవం సహజంగా ఊగే వ్యవధి కూడా అంతే ఉంటే నూనె ఎగసిపడుతుంది. 2003 సెప్టెంబరులో జపానులోని తొమకొమాయి వద్ద ట్యాంకులు అంటుకొన్నది ఈ విధంగానే. పైన ఇచ్చిన సూత్రం గరిష్ఠ త్వరణాన్ని మాత్రమే చెబుతుంది కనుక ఇట్టి చలనాన్ని పట్టుకొనలేదు. దానికి వేర్వేరు ఆవర్తన కాలాల వద్ద వర్ణపట విలువలు కావలెను. 2004 డిసెంబరు 26 నాటి సుమత్రా భూకంపం (పరిమాణం 9.1) వంటివి విశాఖ విషయంలో ఈ లెక్క క్రిందికే వస్తాయి. సునామీ అంచనా వేరొక శాస్త్రం. ఆ హెచ్చరికల బాధ్యత 2007 నుండి హైదరాబాదులోని సునామీ హెచ్చరిక కేంద్రానిది.