కొండగాలి చికిత్స నుంచి సిటీ బస్సు దాకా: గ్రెనోబుల్ నగరపు నడకదారుల చరిత్ర



"రోజూ నడవండి" అని చెప్పని వైద్యుడు లేడు. ఎక్కడ నడవాలి, అక్కడికి ఎలా చేరాలి అన్న ప్రశ్నలకు మాత్రం మందుచీటీలో చోటుండదు. ఆ ప్రశ్నలకు ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగంలోని గ్రెనోబుల్ నగరం చాలాకాలంగా ఆచరణలో సమాధానం చెబుతున్నది. అక్కడ సొంత కారు లేనివారు కూడా ఉదయం బస్సెక్కి, వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న పల్లెలో దిగి, గుర్తులు వేసిన బాట వెంట అడవిలో నడిచి, సాయంత్రం బస్సులో ఇల్లు చేరవచ్చును. ఈ సౌకర్యం ఒక్కనాటిలో ఏర్పడినది కాదు. దాని వెనుక సన్న్యాసులు, సైనికులు, క్షయరోగులు, కార్మికులు ఉన్నారు. వైద్యశాస్త్రం ఒకప్పుడు గట్టిగా నమ్మి, తరువాత విడిచిపెట్టిన ఒక చికిత్స కథ కూడా ఉన్నది.

మూడు కొండల నడుమ

గ్రెనోబుల్ సముద్రమట్టానికి రెండు వందల మీటర్లకు కొంచెం పైన, ఇజేర్, డ్రాక్ నదులు కలిసేచోట, చదునైన లోయలో ఉన్నది. ఉత్తరాన షార్త్రూజ్, పడమట వెర్కోర్, తూర్పున బెల్‌డోన్ పర్వతశ్రేణులు దానిని చుట్టి ఉన్నాయి. రోమన్ల కాలంలో దీని పేరు కులారో. నాల్గవ శతాబ్దంలో గ్రేషియన్ చక్రవర్తి పేరిట గ్రేషియనోపొలిస్ అయింది. నేటి పేరు అందులోనుంచి వచ్చినదే. 1788 జూన్ 7న ఈ ఊరి ప్రజలు ఇళ్ల కప్పులెక్కి రాజు సైనికులపై పెంకులు విసిరారు. మరుసటి ఏడు వచ్చిన ఫ్రెంచి విప్లవానికి దానిని నాందిగా చరిత్రకారులు చెబుతారు.

ఊరికి ఆనుకొని ఉన్న మొదటి ఎత్తు బాస్తీయ్ కోట. పంతొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో జనరల్ ఆక్సో దీనిని కట్టించాడు. నది ఒడ్డు నుంచి సుమారు రెండు వందల అరవై మీటర్లు ఎక్కితే కోట వస్తుంది. 1934 నుంచి తీగమార్గం కూడా ఉన్నది. మోకాళ్లు అంగీకరించనివారు తీగమార్గంలో పైకి వెళ్లి చుట్టూ చూసి రావచ్చును. ఎక్కగలిగినవారికి ఇది మంచి తొలిపాఠం.

మౌనం కోసం ఎక్కినవారు

ఈ కొండలలోకి నడిచివెళ్లినవారిలో చరిత్ర ముందుగా చెప్పేది బ్రూనో అనే క్రైస్తవ సాధువును గురించి. 1084లో ఆయన ఆరుగురు సహచరులతో షార్త్రూజ్ అడవులలోకి వెళ్లి తపోజీవనం ఆరంభించాడు. గ్రెనోబుల్ బిషప్ హ్యూగో వారికి ఆ చోటు చూపించాడు. 1132లో హిమపాతం విరిగిపడి తొలి ఆశ్రమం ధ్వంసమైనది. తరువాత కాస్త దిగువన మళ్లీ కట్టుకున్నారు. నేటికీ సన్న్యాసులు అక్కడ మౌనవ్రతంలోనే జీవిస్తున్నారు. మఠంలోకి యాత్రికులకు ప్రవేశం లేదు. చుట్టుపక్కల దారులలో నడిచేవారు కూడా నిశ్శబ్దం పాటించాలి.

ఈ మఠంవారు 130 మొక్కలతో తయారుచేసిన ఎలిక్సిర్ పద్ధెనిమిదవ శతాబ్దంలో ఔషధంగా ప్రసిద్ధికెక్కింది. అందులో ఆల్కహాలు 69 శాతం! మూలికల మాట ఎలా ఉన్నా, ఆ ఘాటును ఆరోగ్యమని నేను సిఫారసు చేయను. ఆ కొండలు ఇచ్చే అసలు ఔషధం వేరే ఉన్నది.

గాలినే మందనుకున్న కాలం

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనుగొన్నాడు. కారణం తెలిసినా, దానిని చంపే మందు రావడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. ఈ మధ్యకాలంలో వైద్యుల చేతిలో ఉన్నవి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, ఎత్తైన ప్రదేశపు గాలి, ఎండ. ఐరోపా అంతటా కొండలపై శానిటోరియంలు వెలిశాయి.

గ్రెనోబుల్‌కు ఈశాన్యంగా, దాన్ ద క్రోల్ అనే 2,062 మీటర్ల శిఖరం పాదాన, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఒక విశాలమైన మిట్ట ఉన్నది. అక్కడి ఊరు సాంతిలేర్. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ఈ మిట్టను శానిటోరియంల కోసం ఎంచుకున్నారు. కట్టుబడి సామగ్రిని, మనుషులను పైకి చేర్చడానికి 1924లో కొండవాలు మీదుగా తీగతో లాగే రైలు వేశారు. కొన్నిచోట్ల దాని వాలు 83 శాతం. కాలక్రమంలో అక్కడ మూడు పెద్ద ఆరోగ్యనిలయాలు వచ్చాయి. వాటిలో 1933లో తెరిచినది ప్రత్యేకంగా విద్యార్థులకు. క్షయ సోకిన విద్యార్థి చదువు ఆగిపోకుండా, చికిత్స పొందుతూనే పుస్తకాలు పట్టాలన్నది దాని ఉద్దేశం. తరువాతి కాలంలో ప్రఖ్యాత సాహిత్య విమర్శకుడైన రొలాన్ బార్త్ 1942 నుంచి ఇక్కడ చికిత్స పొందాడు.

అక్కడి రోగి జీవితాన్ని ఒక్కసారి ఊహించండి. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి, వరండాలో పడక. కళ్ల ఎదుట బెల్‌డోన్ మంచు శిఖరాలు. తలపైన కొండ. ఆ కొండ ఎక్కే శక్తి మాత్రం లేదు. వారికి కొండ ఒక దృశ్యమే కాని, దారి కాదు.

మదనపల్లె, మద్రాసు

ఈ నమ్మకం మన నేలకూ వచ్చింది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఆరంభమైంది. డెన్మార్కుకు చెందిన డాక్టర్ ఫ్రిమోట్-మోలర్ దాని తొలి అధిపతి. దక్షిణదేశం నలుమూలల నుంచి రోగులు చల్లని గాలి కోసం అక్కడికి వెళ్లేవారు.

1940లలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియజిడ్ వచ్చాయి. ఇక తేలవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది: మందు ఇచ్చినప్పుడు కొండ కూడా కావాలా? దీనికి జవాబు మద్రాసులో దొరికింది. 1956లో అక్కడ ఆరంభమైన అధ్యయనంలో 193 మంది పేద రోగులను రెండు వర్గాలు చేసి, ఒక వర్గాన్ని శానిటోరియంలో ఉంచారు. మరొక వర్గానికి ఇంటివద్దనే అవే మందులు ఇచ్చారు. ఇంటివారికి తిండి తక్కువ, గది ఇరుకు, విశ్రాంతి అంతంతమాత్రం. అయినా ఏడాది తరువాత ఫలితాలు దాదాపు సమానంగా ఉన్నాయి. ఇంట్లో ఉన్న రోగుల వలన కుటుంబసభ్యులకు వ్యాధి ఎక్కువగా అంటిన దాఖలా కూడా కనబడలేదు. 1959లో వెలువడిన ఈ ఫలితాలు ప్రపంచపు క్షయ చికిత్సా విధానాన్నే మార్చివేశాయి.

శానిటోరియంల యుగం అలా ముగిసింది. సాంతిలేర్ మిట్టమీది ఆరోగ్యనిలయాలు కొంతకాలం ఇతర చికిత్సలకు ఉపయోగపడ్డాయి. పైనుంచి బండరాళ్లు, హిమపాతాలు పడే ప్రమాదం ఉన్నదని ఈ శతాబ్దంలో వాటిని ఖాళీచేయించి, భవనాలను కూల్చివేశారు. ఇప్పుడు ఆ మిట్టకు బస్సులో వెళ్లేవారు రోగులు కారు. నడవడానికి వచ్చినవారు, పారాగ్లైడింగ్ చేసేవారు.

బాటకు గుర్తు, బస్సుకు టికెట్టు

కొండ రోగుల నుంచి నడకరుల చేతికి రావడానికి మూడు మార్పులు తోడ్పడ్డాయి.

మొదటిది బాటలు. 1875లో గ్రెనోబుల్‌లో దోఫినే యాత్రికుల సంఘం ఏర్పడి, దారులు బాగుచేయడం, కొండలపై విడిదిగృహాలు కట్టడం చేపట్టింది. అప్పటి సభ్యులు ఎక్కువగా కలిగినవారు. 1947లో దీర్ఘ నడకదారుల జాతీయ సంఘం ఏర్పడింది. చెట్లపై, రాళ్లపై తెలుపు, ఎరుపు గీతలు దీర్ఘమార్గానికి గుర్తు. పసుపు గీత చిన్న స్థానిక మార్గానికి గుర్తు. దారిచూపే మనిషిని కూలికి పెట్టుకొనే స్తోమత లేనివానికి ఈ రంగు గీతే మార్గదర్శి అయింది.

రెండవది తీరిక. 1936లో ఫ్రాన్సు కార్మికులకు ఏడాదికి రెండు వారాల వేతనంతో కూడిన సెలవు, వారానికి 40 గంటల పని చట్టబద్ధమైనాయి. సమయం లేనివానికి వ్యాయామం గురించి ఉపన్యాసమివ్వడం నిష్ప్రయోజనమని ప్రభుత్వం గుర్తించినట్లయింది.

మూడవది ప్రజారవాణా. గ్రెనోబుల్ తన పాత ట్రాములను 1952లో ఆపివేసి, 1987లో కొత్తవి తెచ్చింది. ఈసారి వికలాంగుల సంఘాలు పట్టుబట్టడంతో, చక్రాల కుర్చీ నేరుగా లోనికి వెళ్లేలా నేలకు దగ్గరగా ఉన్న పెట్టెలు చేయించారు. ట్రాములతోపాటు, చుట్టుపక్కల కొండపల్లెలకు బస్సులూ నడుస్తున్నాయి.

ఉదాహరణకు షార్త్రూజ్ వైపు బస్సులో ల సపే గ్రామానికి వెళ్లవచ్చు. అక్కడినుంచి అడవిబాటలో మూడు వందల మీటర్లకు పైగా ఎక్కితే సాంతెనార్ కోట. 1870 యుద్ధంలో ఓడిన తరువాత ఫ్రాన్సు కట్టుకున్న కోటలలో ఇదొకటి. కొండకొమ్ముపై నుంచి నగరమంతా అరచేతిలో ఉన్నట్లు కనబడుతుంది. వెర్కోర్ వైపు సాన్ నిజియే గ్రామం నుంచి 1,901 మీటర్ల ముష్రోత్ శిఖరానికి బాట ఉన్నది. 1968 శీతాకాల ఒలింపిక్ క్రీడలలో స్కీ దూకుడు పోటీకి కట్టిన వేదిక పాడుబడి ఆ ఊరిలోనే నిలిచి ఉన్నది. 1944 జూన్‌లో జర్మన్ సేనలను ఎదిరించి మరణించిన ప్రతిఘటన యోధుల సమాధులూ అక్కడే ఉన్నాయి. నడిచేవారు అక్కడ ఒక నిమిషం ఆగితే మంచిది.

బస్సు నేర్పిన మరొక పాఠం

నడకకు, బస్సుకు వైద్యచరిత్రలో చిత్రమైన చుట్టరికం ఉన్నది. ఆ రోజులలో లండన్ నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చునేవాడు. కండక్టరు రోజంతా మెట్లెక్కి దిగేవాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే తరహా జీవితం. డాక్టర్ జెర్రీ మోరిస్ బృందం వీరిని పోల్చి చూసి, కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని, వచ్చినా తీవ్రత తక్కువని 1953లో ప్రకటించింది. శారీరక శ్రమకు, గుండెకు గల సంబంధంపై ఆధునిక పరిశోధనకు అదే పునాది.

కాబట్టి కొండగాలి చికిత్సలో గాలికి కట్టిన విలువలో చాలాభాగం, నిజానికి కాళ్లకు దక్కవలసినది. శానిటోరియం రోగిని కదలవద్దన్నది. నేటి వైద్యం వీలైనంతవరకు కదలమంటున్నది. వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు శ్రమ పెద్దలకు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. కొండదారిలో ఒక్క ఆదివారం నడిస్తే అందులో మంచి భాగం పూర్తవుతుంది.

వెళ్లేవారికి కొన్ని సూచనలు

చదువుకో, ఉద్యోగానికో అక్కడికి వెళ్లిన పిల్లలను చూడబోయే తల్లిదండ్రులు వీటిని గుర్తుంచుకోండి.

మొదటి రోజే శిఖరం వద్దు. రెండు వేల మీటర్ల ఎత్తున గాలిలో అందే ప్రాణవాయువు సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు ఐదోవంతు తగ్గుతుంది. గుండెజబ్బు, రక్తహీనత, ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారు ముందుగా తమ వైద్యుని సంప్రదించాలి. మధుమేహానికి ఇన్సులిన్ గాని, చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు జేబులో చక్కెర బిళ్లలు ఉంచుకోవాలి.

ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరేడు డిగ్రీల చలి పెరుగుతుంది. ఊరిలో ఎండ కాస్తున్నా ఒక ఉన్ని దుస్తు సంచిలో ఉండాలి. ఎక్కడం గుండెకు పరీక్ష, దిగడం మోకాళ్లకు పరీక్ష. చేతికర్ర సిగ్గుపడవలసిన వస్తువు కాదు. అడవిలోని పిడుదుల వలన లైమ్ జ్వరం రావచ్చును. కాళ్లు కప్పే దుస్తులు వేసుకొని, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఆఖరి బస్సు వేళ. ఆదివారాలు, శీతాకాలం బస్సులు తక్కువ. తిరుగుబస్సు సమయం కాగితంపై రాసుకొని, దానికి ఒక గంట ముందే కిందికి దిగేలా నడక మొదలుపెట్టండి. కొండలలో జరిగే ప్రమాదాలకు తొందరపాటూ ఒక కారణమే.

వైద్యుడు నడవమని రాయగలడు. నడవడానికి బాట, చేరడానికి బస్సు, తిరిగి రావడానికి వేళ, ఇవి పాలకులు రాయవలసిన మందుచీటీలోనివి. ఒక తరం క్షయరోగులు పడక మీదినుంచి చూసిన కొండను, వారి మనుమల తరం బస్సు టికెట్టుతో ఎక్కగలుగుతున్నదంటే, అందులో మందుల వంతు ఎంత ఉన్నదో, ఆ బస్సుల వంతు కూడా అంతే ఉన్నదని నా అభిప్రాయం.