కాలువ గట్టు నుంచి గుండ్లకమ్మ దాకా: ఒంగోలు మాదిగల పునరుత్థాన విశ్వాసం

పెద్దలు ధాత కరువుగా చెప్పుకునే 1876-78 కరువు మద్రాసు రాజధానిలో లక్షల ప్రాణాలు తీసింది. వానలు ఎగ్గొట్టాయి, గింజల ధర కొండెక్కింది, వెనకే కలరా వచ్చింది. ఆ కరువు చివర ఒంగోలు ప్రాంతంలో వేలమంది మాదిగలు క్రైస్తవులయ్యారు. తిండి కోసం మారారన్న మాట అప్పటినుంచీ ఉంది. అందులో కొంత నిజముంది. అయితే దాంతో లెక్క తెగదు.

1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ కుర్రతనంలో సర్వే పని నేర్చినవాడు. కరువులో ప్రభుత్వం బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. అతని దగ్గర పనిచేసే తెలుగు బోధకులే మేస్త్రీలయ్యారు. జనం పలుగులతో తవ్వి, తట్టలు నెత్తికెత్తుకుని గట్టెక్కి, మట్టి పోసి కాసేపు కూలబడేవాళ్లు. బోధకులు వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడేది అప్పుడే. మత్తయి సువార్త 11వ అధ్యాయంలో భారం మోసేవాళ్లను యేసు తన దగ్గరికి పిలిచే వాక్యమే అన్నిటికన్నా ఎక్కువగా చెప్పామని 1914లో వెలువడిన తన ఆత్మకథలో క్లౌ అంటాడు. నెత్తిన తట్ట ఉన్నవాడికి ఆ వాక్యం విప్పి చెప్పనక్కర్లేదు.

కరువు సాయం అందుతున్నన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. తిండికి ఆశపడి వచ్చారన్న అపవాదు రాకూడదనే. 1878 వేసవిలో పంచడానికి ఇక డబ్బు లేదని చెప్పినా జనం తగ్గలేదు. జూలై 2న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మూడో తేదీన పొద్దున్నే మొదలైన పని, మధ్యాహ్నం కాస్త ఆగి, చీకటి పడే వేళకు ముగిసింది. నీళ్లలో ఒకేసారి ఇద్దరు బోధకులు నిలబడేవాళ్లు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవాళ్లు. అందరూ తెలుగువాళ్లే. క్లౌ ఒక్కరికీ ఇవ్వలేదు.

పునరుత్థానం ప్రసక్తి ఇక్కడే వస్తుంది. బాప్టిస్టులు నీళ్లు చిలకరించరు, మనిషిని పూర్తిగా ముంచి లేపుతారు. రోమా పత్రిక 6వ అధ్యాయం ప్రకారం ఆ మునక క్రీస్తుతో పాటు సమాధి కావడం, పైకి లేవడం ఆయనతో పాటు కొత్త బతుకులోకి రావడం. రెండేళ్లుగా చావులు చూసి, కాటికి మోసే మనుషులు కూడా కరువైన పల్లెల నుంచి వచ్చినవాళ్లకు ఈ క్రియ ఎలా తోచి ఉంటుంది? వాళ్ల సొంత మాటల్లో రాతలు దాదాపు లేవు. మనకున్నవి ఎక్కువగా మిషన్ రికార్డులే, వాటికి వాటి పక్షపాతం ఉంది. కనుక మాటల కన్నా నడతను చూడడం మేలు.

సంఘంలో చేరేవాళ్లకు మూడు షరతులు: ఆదివారం పని మానాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చెప్పినంత తేలిక కాదు. జాతరలో డప్పు కొట్టనంటే ఊరిపెద్దలకు కోపం, ఆదివారం పొలానికి రానంటే ఆసామికి కోపం. కాలువ కూలి ఆగాక కూడా ఆ కోపాన్ని భరించినవాళ్లున్నారు. ఈ కరువు రాకముందే, 1866లో, రాజయోగ సాధన చేసిన తోలు వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం పొంది ఊరూరా బోధించాడు. అతన్ని గంజి ఆశ లాక్కొచ్చిందనడం కుదరదు.

మరో సంగతి. మృతులు లేస్తారని పౌలు సుదీర్ఘంగా వాదించేది మొదటి కొరింథీ పత్రిక 15వ అధ్యాయంలో. లోకం నీచంగా చూసినవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని చెప్పేది అదే పత్రిక మొదటి అధ్యాయంలో. మాదిగలు వస్తే తాము రామని బ్రాహ్మణులు మిషన్ బడి మానేసినప్పుడు క్లౌ దంపతులకు దారి చూపింది ఈ మొదటి అధ్యాయమే. ఒంగోలులో ఆ రెండు అధ్యాయాలూ వేర్వేరు కాలేదు. చచ్చాక లేస్తామన్న నమ్మకం, బతికుండగా తలెత్తుకోవడం కలిసే నడిచాయి.

కాలువ పనికి ఎందుకు వచ్చారో ఆకలి చెబుతుంది. డబ్బు అయిపోయాక గుండ్లకమ్మకు ఎందుకు వచ్చారో అది చెప్పలేదు.