ఢిల్లీకి తరలిపోయిన ఫైనల్

2008 జూలై 30. హైదరాబాద్ ఎల్బీ స్టేడియం. తొంభై నిమిషాలు నిండినా స్కోరు 0–0. భారత ఫుట్‌బాల్ జట్టు ఎదుట అఫ్ఘానిస్తాన్. ఈ ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గెలిస్తే 2011 ఆసియా కప్‌లో చోటు. 1984 తర్వాత ఆ టోర్నీలో మనం ఆడిందే లేదు. తొలి మ్యాచ్‌లోనే తడబాటు! చివరికి ఇంజురీ టైమ్‌లో క్లైమాక్స్ లారెన్స్ గోల్ కొట్టాడు. మనవాళ్లు గట్టెక్కారు.

అప్పటికింకా మెట్రో లేదు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ కుర్రాళ్లు ఆట చూడాలంటే సిటీ బస్సెక్కి, మలక్‌పేట, చాదర్‌ఘాట్ దాటి, కోఠి మీదుగా రావాల్సిందే.

ఆ స్టేడియం ఉన్న నేల సామాన్యమైనది కాదు. 1687లో గోల్కొండను జయించిన ఔరంగజేబు సేనలు విడిది చేసిన ఫతే మైదాన్ అది. 1967లో లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఇక ఈ ఊరి ఫుట్‌బాల్ సంగతి చెప్పాలంటే సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరే ముందు చెప్పాలి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్ ఆడింది. ఆ మెల్‌బోర్న్ జట్టులో మన అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరామ్ కూడా ఉన్నాడు.

అలాంటి ఊళ్లో ఆ ఛాలెంజ్ కప్ ఫైనల్ జరగాలి. సెమీస్‌లో మయన్మార్‌పై 1–0తో గెలిచాం. కానీ వాన వదల్లేదు. నీళ్లు నిలిచిన గ్రౌండ్‌లో పాస్ ఇస్తే బంతి సగం దారిలోనే ఆగిపోతుంది. బూటు జారితే మోకాలు పోతుంది. ఫైనల్‌ను ఢిల్లీ అంబేద్కర్ స్టేడియానికి మార్చేశారు. ఆగస్టు 13న అక్కడ ఛెత్రి మూడు గోల్స్, భూటియా ఒకటి. తజికిస్తాన్‌పై 4–1. ఆసియా కప్ బెర్తు ఖాయమైంది. మన ఊళ్లో చూడాల్సిన పండగ అది.

2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీకి సొంత మైదానంగా ఉండింది గచ్చిబౌలి. తూర్పు హైదరాబాద్‌కు అది ఊరికి ఆ కొస. ఎల్బీ స్టేడియం అలా కాదు. 2018 నుంచి ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే రైలు మారకుండా నాంపల్లిలో దిగొచ్చు. కానీ ఆ స్టేడియంలో సభలు, ప్రమాణ స్వీకారాలు జరుగుతున్నాయి. వాటికి వేరే చోటు చూడండి. ఆ మైదానంలో వాననీరు పోయే ఏర్పాటు చేసి, మంచి పచ్చిక పెంచి, ఫుట్‌బాల్‌కు తిరిగివ్వండి.