ఆన్‌లైన్ ఆటకు అడ్డంకి ఎక్కడ? రౌటర్, ఫైర్‌వాల్ పరిశీలనకు ఒక క్రమం

వీడియోలు ఆగకుండా వస్తాయి. స్పీడ్ టెస్ట్‌లోనూ లోపం కనిపించదు. అయినా మిత్రులతో కలిసి ఆన్‌లైన్ ఆట ఆడబోతే మాత్రం కనెక్షన్ కుదరదు, లేదా అవతలివారి మాట వినిపించదు. ఇలాంటి సందర్భాల్లో చాలావరకు లోపం ఇంటర్నెట్ వేగంలో ఉండదు. బయటి నుంచి వచ్చే సమాచారానికి దారి లేకపోవడమే కారణం. ఆ దారి ఎక్కడ మూసుకుపోయిందో తెలుసుకోకుండా ఖరీదైన ప్లాన్‌కు మారడం వృథా. ఫైర్‌వాల్‌ను పూర్తిగా ఆపివేయడం ప్రమాదకరం.

సమస్యకు మూలం

ఐపీవీ4 విధానంలో ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. 2011 ఫిబ్రవరిలో వాటి కేంద్ర నిల్వ అయిపోయింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి చిరునామాలు కేటాయించే ఏపీనిక్ సంస్థ తన చివరి భాగానికి చేరుకుని, పంపిణీపై పరిమితి విధించింది. ఈ కొరత వల్ల ఒకే చిరునామాను అనేక పరికరాలు పంచుకోవడం తప్పనిసరి అయింది. ఇంట్లో ఆ పంపకం చేసేది రౌటర్. ఈ ప్రక్రియనే నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, సంక్షిప్తంగా ‘న్యాట్’ అంటారు.

ఇంట్లోని ఫోన్ అడిగిన వీడియో తిరిగి వచ్చినప్పుడు దానిని ఎవరికి అందించాలో రౌటర్‌కు తెలుసు. అడగకుండా వచ్చిన సమాచారం మాత్రం ఫ్లాట్ నంబర్ రాయని ఉత్తరం వంటిది. రౌటర్ దానిని తోసిపుచ్చుతుంది. కొన్ని ఆటల్లో ఆటగాళ్ల పరికరాలే నేరుగా ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలి. చిక్కు అక్కడే వస్తుంది. ఎక్స్‌బాక్స్‌లో న్యాట్ స్థితి ‘స్ట్రిక్ట్’ అని, ప్లేస్టేషన్‌లో ‘టైప్ 3’ అని కనిపిస్తే దారి బాగా ఇరుకుగా ఉన్నదని అర్థం.

పరిశీలన క్రమం

మొదట పరికరాన్ని, రౌటర్‌ను ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించాలి. వీలైతే వై-ఫై బదులు కేబుల్‌తో ప్రయత్నించాలి. ఆట సర్వర్లే నిలిచిపోయాయేమో కూడా చూడాలి.

రెండవది, కంప్యూటర్‌లోని ఫైర్‌వాల్. ఆటకు ‘ప్రైవేట్’ నెట్‌వర్క్‌లో మాత్రమే అనుమతి ఇచ్చి, ఇంటి వై-ఫై ‘పబ్లిక్’గా నమోదై ఉంటే విండోస్ అడ్డుకుంటుంది. ఇంటి నెట్‌వర్క్‌ను ‘ప్రైవేట్’గా మార్చడం లేదా ఆ ఒక్క ఆటకు అనుమతి ఇవ్వడం సరిపోతుంది.

మూడవది, రౌటర్. అందులో యూపీఎన్‌పీ సదుపాయం పనిచేస్తుంటే ఆటకు కావలసిన పోర్ట్ దానంతట అదే తెరుచుకుంటుంది. లేనప్పుడు పోర్ట్ ఫార్వార్డింగ్ చేయాలి. అందుకు ముందుగా ఆ పరికరానికి ఇంటి లోపల మారని చిరునామా కేటాయించాలి. ఉదాహరణకు మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ సర్వర్ సాధారణంగా టీసీపీ 25565 పోర్ట్‌ను వాడుతుంది. ఎక్స్‌బాక్స్ సేవకు 3074 పోర్ట్ ముఖ్యం.

నాలుగవది, రెండు రౌటర్ల చిక్కు. సర్వీస్ ప్రొవైడర్ అమర్చిన ఫైబర్ మోడెమ్, దాని వెనుక సొంత రౌటర్ ఉంటే న్యాట్ రెండుసార్లు జరుగుతుంది. మోడెమ్‌ను బ్రిడ్జ్ విధానంలోకి గాని, సొంత రౌటర్‌ను యాక్సెస్ పాయింట్‌గా గాని మార్చాలి.

ఇంటి చేతిలో లేనిది

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే, ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు అందిన వ్యాన్ చిరునామాను, ఐపీ చూపించే వెబ్‌సైట్‌లో కనిపించే చిరునామాతో పోల్చాలి. రెండూ వేరుగా ఉండి, మొదటిది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ప్రొవైడర్ స్థాయిలోనే న్యాట్ జరుగుతున్నట్టు. దీనినే ‘సీజీన్యాట్’ అంటారు. ఈ శ్రేణిని 2012లో ఇందుకోసమే ప్రత్యేకించారు. కొందరు ప్రొవైడర్లు 10తో మొదలయ్యే చిరునామాలనూ వాడతారు. అప్పుడు ఇంటి రౌటర్‌లో ఎన్ని పోర్ట్‌లు తెరిచినా ప్రయోజనం ఉండదు. పబ్లిక్ ఐపీ ఇవ్వాలని ప్రొవైడర్‌ను కోరడం ఒక మార్గం. దీనికి అదనపు రుసుము ఉండవచ్చు. ఆట, ప్రొవైడర్, రౌటర్ మూడూ అనుమతిస్తే ఐపీవీ6 మరొక మార్గం.

జాగ్రత్తలు

రౌటర్‌లోని డీఎంజెడ్ సదుపాయం ఒక పరికరాన్ని దాదాపు పూర్తిగా బయటి ప్రపంచానికి తెరిచిపెడుతుంది. బ్యాంకు లావాదేవీలు జరిపే కంప్యూటర్‌కు దానిని వాడరాదు. ఇంట్లోకి చేరిన హానికర సాఫ్ట్‌వేర్ యూపీఎన్‌పీని కూడా వాడుకోగలదు కనుక అవసరం లేనప్పుడు దానిని ఆపివేయడం మేలు. ఆట మానేసిన తర్వాత తెరిచిన పోర్ట్‌లను మూసివేయాలి. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్‌ను మార్చాలి, దాని సాఫ్ట్‌వేర్‌ను తాజాగా ఉంచాలి. హానికర సాఫ్ట్‌వేర్‌ను తొలగించే ఉచిత సాధనాలు సెర్ట్-ఇన్ నిర్వహించే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో లభిస్తాయి.

ఫిర్యాదు చేసేటప్పుడు ‘నెట్ నెమ్మదిగా ఉంది’ అంటే వేగ పరీక్షతోనే సంభాషణ ముగిసిపోవచ్చు. ‘మా కనెక్షన్‌కు కేటాయించినది పబ్లిక్ ఐపీనా, సీజీన్యాట్ చిరునామానా?’ అని అడిగితే సమస్య సరైన చోటికి చేరుతుంది.